ముందు దారి ఉండాలి
(పాల ఉత్పత్తిదారుల సంఘం సర్వసభ్య సమావేశంలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చులు చదివే ముందు, ఈ ఏడాది మనలను విడిచిపోయిన ఒక సభ్యుని గురించి నాలుగు మాటలు చెప్పుకోవటం మన విధి. ఊరంతా ఆయనను ‘మిలటరీ బాబాయి’ అనేది. మేమూ అలాగే అంటాము.

బాబాయి 1963లో సైన్యంలో చేరారు. బెంగుళూరులో శిక్షణ పొంది మద్రాస్ సాపర్స్ దళంలో పనిచేశారు. వంతెన కట్టటం, రోడ్డు వేయటం, మందుపాతరలు తీయటం సాపర్ల పని. 1971 డిసెంబరులో షకర్‌గఢ్ రంగంలో, బసంతర్ నది దగ్గర, మన ట్యాంకులు పోవటానికి మందుపాతరల మధ్య బాట తీసింది ఈ దళం వారే. బాబాయి ఆ రంగంలోనే ఉన్నారు. ఆ సంగతులు అడిగితే, “ముందు దారి ఉండాలిరా, తర్వాతే ట్యాంకు” అని ఊరుకునేవారు.

1978లో ఇంటికి వచ్చి, కొన్నాళ్ళకు రహదారి గ్యాంగులో కూలీగా చేరారు. నేటి 16వ నంబరు జాతీయ రహదారి అప్పట్లో 5వ నంబరు. గుంటలు పూడ్చి తారు, కంకర వేసి దిమ్మిసతో కొట్టటం, వానలకు ముందే తూములలో పూడిక తీయటం ఆయన పని. రోడ్డును పాడుచేసేది బండి కాదు, నిలిచిన నీరు అనేవారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు, పడిన చెట్లు నరికి దారి తీసిన గ్యాంగులో ఆయన ఉన్నారు. ఆ దారినే మన పాల లారీ మళ్ళీ శీతల కేంద్రానికి వెళ్ళింది.

2003లో పదవీ విరమణ చేశాక రెండు గేదెలతో సంఘంలో చేరారు. పాలు బాగా కలియబెట్టకుండా నమూనా తీస్తే ఒప్పుకునేవారు కారు. నిలిచిన పాలలో వెన్న పైకి తేలుతుంది. పైనుంచి తీస్తే సంఘానికి నష్టం, అడుగునుంచి తీస్తే రైతుకు నష్టం. ఈ మాట ఆయన తన పాలకే కాదు, వెనుక వరుసలో నిలిచిన వితంతువు అర లీటరు పాలకు కూడా చెప్పేవారు. ఈనాడు మన కేంద్రంలో కలియబెట్టనిదే నమూనా తీయకపోవటం ఆయన చలవే.

ఇక ముఖ్యమైన సంగతి. బాబాయి పోయాక పిన్నిగారికి కుటుంబ పింఛను వెంటనే రాలేదు. డిశ్చార్జి పుస్తకంలో ఆమె పేరు ఒక విధంగా, ఆధార్ కార్డులో మరొక విధంగా ఉన్నది. నాలుగు నెలలు ఆ ఇంటికి పాల డబ్బే ఆధారమయింది. మన కార్యదర్శి, ఇద్దరు మాజీ సైనికులు కాగితాలు సరిచేయించాక పింఛను మొదలయింది.

కనుక సభ్యులకు మా విజ్ఞప్తి. మీ ఇంట మాజీ సైనికుడు ఉంటే, డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒకచోట పెట్టి భార్య పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. తేడా ఉంటే ఆయన ఉండగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి సరిచేయించండి. చదవటం రానివారు కాగితాలు సంఘానికి తెండి, కార్యదర్శి చూసిపెడతారు.

దారి ముందే వేసి ఉంచాలన్నది బాబాయి మాట. ఆయన స్మృతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాము.