బండిని కదలనివ్వని తాళం: మెకానిక్ సోదరులు గమనించవలసిన విషయాలు

(ద్విచక్ర వాహన మెకానిక్‌ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మనం చర్చించబోయే విషయం చూపులకు చిన్నది. మోటారు సైకిలు తాళం తిరుగుతుంది, దీపాలు వెలుగుతాయి, కాని ఇంజను అందుకోదు. దొంగల నుండి కాపాడడానికి అమర్చిన పరికరమే యజమానిని దొంగగా లెక్కించి బండిని నిలిపివేస్తుంది. ఇంటింటికీ సరుకులు చేరవేసే కార్మికునికి బండి ఆగడమంటే ఆనాటి రాబడి పోవడమే. ఆ బండి మన షెడ్డుకు వచ్చినప్పుడు, ఇది మా వల్ల కాదు, షోరూముకు తీసుకుపొమ్మని చెప్పవలసి వస్తే, అతని కూలితోపాటు మన పని కూడా పోతుంది. అందువల్ల దీనిని ఉపాధి సమస్యగా పరిగణించాలని మేము కోరుతున్నాము.

ముందుగా రెండు పరికరాల మధ్య తేడాను గుర్తించాలి. మొదటిది కర్మాగారంలోనే అమర్చే ఇమ్మొబిలైజర్. దీని తాళంచెవి తలభాగంలో ఒక చిన్న చిప్ ఉంటుంది. దానికి సొంత బ్యాటరీ లేదు. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుండి వెలువడే అయస్కాంత క్షేత్రమే దానికి శక్తినిస్తుంది. అప్పుడది తన సంకేతాన్ని పంపుతుంది. బండిలోని కంట్రోల్ యూనిట్ ఆ సంకేతాన్ని గుర్తించకపోతే స్పార్కును, పెట్రోలు ఇంజెక్షన్‌ను అనుమతించదు. రెండవది బజారులో కొని తరువాత బిగించే అలారం. ఇది సాధారణంగా ఒక రిలే ద్వారా ఇగ్నిషన్ తీగను గాని, సెల్ఫ్ మోటారు తీగను గాని తెంచుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, చెన్నై పుదుపేటలోనైనా, ఢిల్లీ కరోల్ బాగ్‌లోనైనా మన సోదరుల చేతికి రెండు రకాల బండ్లూ వస్తాయి.

బండి కదలకపోగానే నేరాన్ని ఇమ్మొబిలైజర్ మీద మోపరాదు. మొదట కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ స్విచ్, న్యూట్రల్ దీపం, ఫ్యూజులు చూడాలి. ఇవి చూడడానికి ఖర్చు లేదు, ఐదు నిమిషాల కాలం చాలు.

తరువాత బ్యాటరీ. 12 వోల్టుల లెడ్ బ్యాటరీ పూర్తి ఛార్జిలో, విశ్రాంతిగా ఉన్నప్పుడు దాదాపు 12.6 నుండి 12.8 వోల్టులు చూపాలి. 12 వోల్టులకు దిగితే అది దాదాపు ఖాళీ అయినట్లే. సెల్ఫ్ మోటారు తిరిగే క్షణంలో వోల్టేజి మరీ పడిపోతే కంట్రోల్ యూనిట్ సక్రమంగా పనిచేయదు. తాళంచెవి బాగున్నప్పటికీ దానిని గుర్తించలేకపోవచ్చు. చూసేవారికి ఇది ఇమ్మొబిలైజర్ లోపంగా కనిపిస్తుంది, అసలు లోపం బ్యాటరీది.

ఆ బ్యాటరీని తరచుగా ఖాళీ చేసేది అలారమే. ఒక అలారం ఎడతెగక 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటున్నదనుకుందాం. రోజుకు 480 మిల్లీ ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పది రోజులలో దాదాపు పూర్తిగా ఖాళీ అవుతుంది. సెల్ఫ్ మోటారును తిప్పగల శక్తి అంతకు చాలా ముందే పోతుంది. సెలవు మీద ఊరికి వెళ్ళి వచ్చిన కార్మికుని బండి కదలకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. బ్యాటరీ నెగెటివ్ తీగకు వరుసలో మీటరు కలిపి ఈ ప్రవాహాన్ని కొలవవచ్చు. కాని మీటరు అలా ఉన్నంతసేపు సెల్ఫ్ బటను నొక్కరాదు. నొక్కితే మీటరు ఫ్యూజు పోతుంది.

బ్యాటరీ బాగుంటే తాళంచెవిని పరీక్షించాలి. ఒకే గుత్తిలో చిప్ ఉన్న రెండు తాళంచెవులుంటే సంకేతాలు కలగాపులగం కావచ్చు. ఒకదానిని దూరంగా ఉంచి చూడాలి. రెండవ తాళంచెవితో బండి అందుకుంటే లోపం మొదటిదానిలోనిదే. చిప్ లేకుండా కోయించిన నకలు చెవి తాళాన్ని తిప్పుతుంది గాని ఇంజనును లేపదు. రెండు చెవులూ పనిచేయకపోతే తాళం దగ్గరి తీగలను చూడాలి. హ్యాండిల్ అటూ ఇటూ తిరిగేచోట పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి తెగిపోతుంది. హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పుతూ హెచ్చరిక దీపాన్ని గమనిస్తే ఈ లోపం బయటపడుతుంది. ప్రెషరు నీటితో కడిగిన బండ్లలో కనెక్టర్లలోకి నీరు చేరి ఉండవచ్చు. కంట్రోల్ యూనిట్ తీగల మీద టెస్టు ల్యాంపు వాడరాదు, మల్టీమీటరే వాడాలి.

బయటి అలారం విషయంలో మొదట రిమోట్ బ్యాటరీ మార్చి చూడాలి. అప్పటికీ లొంగకపోతే రిలేను, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులను పరీక్షించాలి. యజమాని సమ్మతితో అలారాన్ని తొలగిస్తే, తెంచిన ఇగ్నిషన్ తీగను టంకం పెట్టి సక్రమంగా కలపాలి. వదులుగా ఉన్న అతుకు నడిరోడ్డు మీద ఇంజనును ఆపివేస్తుంది. వెనుక లారీ వస్తుంటే ప్రాణమే పోవచ్చు.

మరొక కర్తవ్యం కూడా ఉంది. ఇటువంటి పని చేపట్టేముందు బండి రిజిస్ట్రేషన్ పత్రం చూసి, నంబరును పుస్తకంలో రాసుకోవాలి. దొంగబండిని విప్పాడన్న అనుమానం పేద మెకానిక్ మీద సులభంగా పడుతుంది. ఆ పుస్తకమే మనకు రక్షణ.

ఇంతవరకు చెప్పినవన్నీ మన చేతిలోని పనులు. కంట్రోల్ యూనిట్‌కు కొత్త తాళంచెవిని పరిచయం చేయడం మాత్రం అనేక బండ్లలో కంపెనీ పరికరం లేనిదే సాధ్యం కాదు. ఇక్కడ మన నైపుణ్యానికి కొరత లేదు, సమాచారానికి తాళం పడింది. దొంగలకు తోడ్పడుతుందన్నది కంపెనీల వాదన. ఆ భయాన్ని మేము తేలికగా కొట్టివేయడం లేదు. కాని అమెరికాలో కార్ల విషయంలో, తమ వివరాలు నమోదు చేయించుకున్న తాళాల పనివారికి కోడ్‌లు ఇచ్చే పద్ధతి అమలులో ఉంది. యూరోపియన్ యూనియన్ 2013లో చేసిన 168వ నంబరు నిబంధన, మోటారు సైకిళ్ళ మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీని నియమించింది, అదే సంవత్సరం డిసెంబరు 24న ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వాహన రంగం కూడా అందులో చేరింది. ఆ అడుగును మేము ఆహ్వానిస్తున్నాము. అది అక్కడితో ఆగిపోరాదు.

అందుచేత మన కోరికలు మూడు. వైరింగు పటాలను, లోప సంకేతాల అర్థాలను తెలుగుతో సహా భారతీయ భాషలలో ప్రకటించాలి. పేర్లు నమోదు చేయించుకున్న మెకానిక్‌లకు పరీక్షా పరికరాలను సరసమైన ధరకు అమ్మాలి. ఐ.టి.ఐ.లలో ఇప్పటికే షెడ్లు నడుపుతున్నవారికి సాయంకాలపు తరగతులు నిర్వహించాలి.

ఈ కోరికలను ప్రతి పట్టణంలోని షెడ్డుకూ చేర్చండి, సంతకాలు సేకరించండి, బండి మీద బతికే కార్మికులను కూడా కలుపుకోండి. మరమ్మతు కోసం ఎదురుచూసేవారు, మరమ్మతు చేసేవారు ఒకే మాటగా అడిగినప్పుడే ఈ తాళం తెరుచుకుంటుంది.