బస్సా? పట్టాలబండియా?
(రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



బస్సుకొఱకు వేచియుండుట యెట్టిదో గ్రామవాసులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. మహానగరములందును ఆ కష్టమే కలదు. దానిని దీర్చుటకు రెండు మార్గములు ప్రసిద్ధములు. వీధిలో పట్టాలు పఱచి ట్రామును, అనగా లైట్ రైలును, నడుపుట యొకటి. బస్సులకే ప్రత్యేకమగు దారి నేర్పఱచుట రెండవది. రెండవదానికి సాధారణముగ వ్యయము తక్కువ. అయినను పెక్కుచోట్ల ప్రజలు పట్టాలనే కోరుదురు. కారణమేమి?

పట్టాలు నేలలో పాతుకొనియుండును గనుక బండి తప్పక వచ్చునను నమ్మకము కలుగును. ఫ్రాన్సు దేశమందలి స్ట్రాస్‌బర్గు నగరమున 1989లో జరిగిన పురపాలక యెన్నికలలో భూగర్భ రైలా, వీధి ట్రామా యనునది ముఖ్యవివాద మయ్యెను. ట్రాము పక్షము గెలిచెను. 1994లో ట్రాము నడచెను. కాని యదే నగరము 1960లో పాతట్రామును తొలగించినది. మన పొరుగున మద్రాసునందును 1953లో ట్రాములు నిలిచిపోయెను. కావున పట్టాలును శాశ్వతములు కావు.

బ్రెజిల్ దేశమందలి కురిచిబా నగరము 1974లో బస్సులకు వేఱుదారి నిచ్చెను. అప్పటి నగరాధ్యక్షుడు జైమే లెర్నెర్ వాస్తుశిల్పి. 1991 నుండి గొట్టములవంటి స్టేషనులు వెలసినవి. వానియందు రుసుము ముందే చెల్లించి, మెట్లెక్కు శ్రమలేక బస్సులో ప్రవేశింపవచ్చును. ఆ పద్ధతిని జూచి 2000లో కొలంబియా రాజధాని బొగొటాయు బస్సుమార్గమును నిర్మించుకొనెను.

ఢిల్లీ కథ వేఱు. అచట 2008లో సుమారు 5.8 కిలోమీటర్ల బస్సుదారి యేర్పడెను. కార్లకు చోటు తగ్గినదని కోలాహలము చెలరేగెను. కార్లను గూడ ఆ దారిలో విడువవలెనను వాదమును 2012లో హైకోర్టు త్రోసిపుచ్చినను, 2016లో దారిని తొలగించిరి. బస్సు నెక్కువారు పెక్కుమంది. కాని కారులవారి గొంతు పెద్దది. 2009లో అహమ్మదాబాదున నారంభమైన జనమార్గ్ మాత్రము నిలిచినది.

కెనడా రాజధాని ఒట్టావా 1983 నుండి బస్సుదారులను నమ్ముకొని, 2019లో వానిలో ముఖ్యభాగమును లైట్ రైలుగ మార్చెను. 2021లో ఆ బండి రెండుమార్లు పట్టాలు తప్పగా బహిరంగ విచారణ జరుపవలసివచ్చెను. పట్టాలు పఱచినంతనే విశ్వాసము సిద్ధింపదు.

దేశములు వేఱు, అలవాట్లు వేఱు. కాని ప్రజల కోరిక యొక్కటే. వేళకు వచ్చు బండి, నిలుచుటకు నీడ, వృద్ధులును స్త్రీలును సుఖముగ నెక్కు వీలు, పేదవాని కందు రుసుము — ఇవి యున్నచోట బస్సును రైలువలె గౌరవింపబడును. లేనిచోట రైలును నిందకు గుఱియగును. వీధి యందఱి సొత్తు. అందులో నలువదిమందిని మోయు బండికి ఒక్కని మోయు బండికంటె ముందుగ దారి యిచ్చుట న్యాయము. ఆ న్యాయమును కోరుటకు ముందు ప్రజలు విషయము నెఱుగవలెను. అట్టి యెఱుకకు గ్రంథాలయమే ఆలవాలము.