డోరేమాన్ సినిమాకి ఒక్క సెలవు రోజు ఖర్చు పెట్టొచ్చా?

మోరిస్‌విల్ నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు పొద్దున్నుంచి వాన. స్లాబ్ పోయాల్సింది, వాయిదా పడింది. అందుకే ఈ టైముకి నాకింకా గొంతు మిగిలి ఉంది.

పోయినసారి మాట్లాడాక ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు ఒకటే అడిగారు. "అన్నా, పిల్లలు 'స్టాండ్ బై మీ డోరేమాన్' చూడమని ప్రాణం తీస్తున్నారు. వారానికి ఒకటే సెలవు. గంటన్నర దానికి పెట్టొచ్చా?" అని. మంచి ప్రశ్నే. మనకి గంటన్నర అంటే బట్టలు ఉతుక్కునే టైము, నిద్రపోయే టైము.

ముందు నా సంగతి చెప్తా. మాది జగిత్యాల దగ్గర. మా వాడికి మూడేళ్లప్పుడు నేను దుబాయ్ పోయా. డ్యూటీ దిగి ఫోన్ చేస్తే, సరిగ్గా అప్పుడే టీవీలో డోరేమాన్ వస్తుండేది. "తర్వాత చెయ్ బాపూ" అని పెట్టేసేవాడు. ఆ నీలం పిల్లి మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. మావాడికి హిందీ నేర్పింది కూడా బడి కాదు, డోరేమానే.

ఇప్పుడు సినిమా. ఫుజికో ఎఫ్. ఫుజియో గీసిన డోరేమాన్ బొమ్మల కథలు 1969 చివర్లో మొదలయ్యాయి. 1980 నుంచి దాదాపు ప్రతి ఏడూ ఒక సినిమా వస్తూనే ఉంది, డైనోసార్లు, అంతరిక్షం, అలాంటి సాహసాలు. 2014లో వచ్చిన ఈ 'స్టాండ్ బై మీ' ఆ వరసలోది కాదు, పక్కన విడిగా తీసింది. బొమ్మలన్నీ కంప్యూటర్‌లో త్రీడీలో చేశారు. ర్యూయిచి యాగి, తకాషి యమజాకి కలిసి తీశారు. 'గాడ్జిల్లా మైనస్ వన్'కి 2024లో ఆస్కార్ వచ్చిందే, ఆ యమజాకియే.

ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నా, వద్దనుకునేవాళ్లు చివరి రెండు నిమిషాలకి వచ్చేయండి.

సాహసాలేం ఉండవు ఇందులో. నోబితా సంతోషంగా ఉండేదాకా డోరేమాన్ వెనక్కి పోవడానికి లేదు. సంతోషం వచ్చిందా, 48 గంటల్లో వెళ్లిపోవాలి. అంటే బాగుపడితే విడిపోవాలి. మనకి కొత్త విషయమా ఇది?

లోపాలూ చెప్పాలి. పాత కథలు కొన్ని తెచ్చి ఒకదానికొకటి అతికించారు. నిన్నటి కాంక్రీటు మీద ఇవాళ పోస్తే మధ్యలో గీత పడుతుంది చూడండి, కోల్డ్ జాయింట్, అలా అతుకులు కనిపిస్తాయి. ఏడిపించాలని మరీ పట్టుపట్టినట్టు కూడా ఉంటుంది. టీవీలో వచ్చే అల్లరి, వింత వస్తువుల తమాషా కావాలంటే ఇది మీ సినిమా కాదు.

నేను మా వాడితో కలిసి చూశా. నాకు శనివారం రాత్రి, వాడికి ఆదివారం పొద్దున. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరం ఒకేసారి ప్లే నొక్కాం. చివర్లో, డోరేమాన్ నిశ్చింతగా వెళ్లాలని నోబితా ఒక్కడే జియాన్‌తో కొట్లాడతాడు. దెబ్బలు తింటాడు, పడతాడు, మళ్లీ లేస్తాడు. అక్కడ మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నువ్వు పోయినంక బళ్లె ఒకడు రోజూ కొట్టేటోడు బాపూ. నీకు చెప్తే పని ఇడిసిపెట్టి వస్తవని చెప్పలే."

వాడికిప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇన్నేళ్లలో ఆ మాట నాకు ఇదే మొదటిసారి వినడం. ఇక్కడ ఎయిర్‌పోర్ట్ పక్కనే కదా, పైన ఒక విమానం దిగుతోంది, ఆ చప్పుడు వంక పెట్టుకుని నేను కాసేపు ఊరుకున్నా.

సినిమాలో డోరేమాన్ తిరిగొస్తాడు. ఎలాగంటే, నోబితా ఒక మందు తాగుతాడు, ఏది చెప్తే దానికి ఉల్టా జరుగుతుంది. "రాడు" అంటే వచ్చేస్తాడు. ఆ మందు మనమూ రోజూ తాగుతున్నాం. "నేను బాగున్నా, తిన్నా, పని తేలిగ్గానే ఉంది." అవతల పిల్లలూ అదే తాగుతున్నారు. "బడి బాగుంది." కాకపోతే మన మందు పనిచెయ్యదు.

రెండో భాగం 2020లో వచ్చింది. చనిపోయిన నాయనమ్మని చూడ్డానికి నోబితా వెనక్కి వెళ్తాడు, ఆమె నీ పెళ్లికూతుర్ని చూడాలని ఉందంటుంది. పెద్ద నోబితా పెళ్లి వదిలి పారిపోవడం, కాలంలో ముందుకీ వెనక్కీ తిరగడం నాకు విసుగనిపించింది. కానీ ఆ ముసలామె కనిపించినప్పుడల్లా ఆగిపోయా. మా అవ్వ పోయినప్పుడు నాకు సెలవు దొరకలేదు. ఇంట్లో పెద్దవాళ్ల కడచూపు అందనివాళ్లు మీలో ఎంతమందో నాకు తెలుసు. మీరు దీన్ని నైట్ డ్యూటీ ముందు పెట్టుకోకండి.

ఇక నా మాట. మొదటిది చూడండి, కానీ ఒంటరిగా వద్దు. ఇంటికి ఫోన్ కలిపి, పిల్లలతో ఒకేసారి చూడండి. మధ్యలో వాళ్లు మాట్లాడితే సినిమా ఆపండి. సినిమా ఎక్కడికీ పోదు. రెండోది మనసు గట్టిగా ఉన్న రోజు చూడండి, లేకపోతే వదిలేయండి, నష్టం లేదు.

రేపు వాన లేకపోతే తెల్లారి ఐదింటికి పంపు వస్తుంది. ఉంటా మరి. జాగ్రత్తగా పని చేసుకోండి, హెల్మెట్ తియ్యకండి.