పిట్టల్నీ పురుగుల్నీ లెక్కపెట్టే ఉద్యోగాలు

సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



ఏటా ఈ సమయంలో రక్తపోటు గురించో, హెల్త్ కార్డుల గురించో, డి.ఎ. బకాయిల గురించో ప్రసంగం ఉండటం మన ఆనవాయితీ. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మాస్టారూ, మన సభ్యుల మనవలు ఇద్దరు ముగ్గురు పిట్టల మీద, పురుగుల మీద పరిశోధన చేస్తామని భీష్మించుకు కూర్చున్నారు. ఇళ్లల్లో గొడవలవుతున్నాయి. మీరు జువాలజీ చెప్పినవారు కదా, ఆ చదువుకి ఉద్యోగం ఉందో లేదో తేల్చి చెప్పండి" అన్నారు. ఒక్క ముక్కలో తేలే వ్యవహారం కాదది. తెలిసినంతవరకు దాచకుండా చెబుతాను.

ముందుగా పేర్ల తికమక తీరాలి. పిల్లలు ఎకాలజీ అంటే మనలో చాలామంది కాలుష్య నియంత్రణ మండలి ఉద్యోగం అనుకుంటున్నారు. అది వేరు. ఎకాలజీ అంటే జీవావరణ శాస్త్రం. ఏ ప్రాణి ఎక్కడ, ఎన్ని, ఎందుకు బతుకుతున్నాయి, ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడుతున్నాయి అని చూడటం. ఎవల్యూషనరీ బయాలజీ అంటే జీవపరిణామ శాస్త్రం. ఆ ప్రాణులు తరతరాలుగా ఎలా మారుతూ వచ్చాయి అని చూడటం. ఈ రెండూ జంట శాస్త్రాలు. అమెరికాలో ప్రిన్‌స్టన్ వంటి విశ్వవిద్యాలయాల్లో రెండింటికీ కలిపి ఒకే విభాగం ఉంటుంది. ఫారెస్టు ఆఫీసరు ఉద్యోగం కూడా ఇది కాదు. అది యు.పి.ఎస్.సి. పరీక్ష రాసి అడవిని పాలించే కొలువు. ఇది అడవిని అర్థం చేసుకునే పని.

ఆ పని ఎలా ఉంటుందో మన కడప జిల్లా ఉదాహరణే చెబుతాను. కలివికోడి అనే పక్షిని 1900లో చూసిన తర్వాత ఎవరూ చూడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర ముళ్లపొదల్లో అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు వెతికించగా, పక్షులు పట్టడంలో ఆరితేరిన స్థానికుడొకరి చేతికి చిక్కింది. ఆ పక్షి రాత్రిపూట తిరుగుతుంది, మనిషి అలికిడైతే కనపడదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, తెల్లవారి దాని మీద అడుగుజాడలు వెతికేవారు. చీకట్లో కూర్చుని దాని కూత వినేవారు. అన్ని రాత్రులు కూర్చుంటే రాసుకోవడానికి దొరికేది నాలుగు అడుగుజాడలు. అయినా ఆ నాలుగు ఎక్కడ పడ్డాయో తెలిస్తేనే, కాలువ ఎటు తవ్వాలి, ఎటు తవ్వకూడదు అని ప్రభుత్వానికి చెప్పగలిగేది.

ఇలాంటి పనికి కావలసింది కాలం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే ఉద్యోగాల చిక్కు అంతా ఇందులోనే ఉంది. పసిఫిక్ మహాసముద్రంలో గలపాగోస్ దీవులున్నాయి. అక్కడ డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో పిచ్చుకల్లాంటి పక్షుల ముక్కులు కొలవడం మొదలుపెట్టారు. 1977లో కరువొచ్చింది. చిన్న గింజలు అయిపోయాయి, గట్టి గింజలే మిగిలాయి. చిన్న ముక్కు పక్షులు ఎక్కువగా చచ్చిపోయాయి, పెద్ద ముక్కువి మిగిలాయి, వాటి పిల్లలకీ పెద్ద ముక్కులే వచ్చాయి. జీవపరిణామం కళ్లెదుట జరిగింది. తర్వాత 1983 ప్రాంతంలో కుండపోత వానలు కురిశాక కథ తిరగబడి, చిన్న ముక్కులకు కాలం కలిసొచ్చింది. వారు నలభై ఏళ్లపాటు ఆ దీవికి వెళుతూనే ఉన్నారు. మూడేళ్ల ప్రాజెక్టు అయిపోయిందని 1976లో పెట్టె సర్దుకుని ఉంటే ఏమీ కనపడేది కాదు.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. ముదుమలై అడవిలో 50 హెక్టార్లు కొలిచి, అందులోని చెట్లకు నంబర్లు వేసి 1988 నుంచి లెక్క చూస్తున్నారు. అది మాధవ్ గాడ్గిల్ గారు 1983లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నెలకొల్పిన జీవావరణ కేంద్రం వారి పని. అక్కడే రాఘవేంద్ర గదగ్కర్ గారు ఒకే జాతి కందిరీగల్ని దశాబ్దాలపాటు చూశారు. ఆయన డాక్టరేటు చేసింది అణుజీవశాస్త్రంలో. కందిరీగలు అప్పట్లో తీరిక వేళ సరదా. తర్వాత సరదాయే వృత్తి అయింది.

పనికి నలభై ఏళ్లు కావాలి. డబ్బు మాత్రం మూడేళ్లకో ఐదేళ్లకో మంజూరవుతుంది. పిల్లవాడి నౌకరీ ఆ మంజూరు కాగితాన్ని పట్టుకుని వేలాడుతుంది. మన ఆఫీసుల్లో ఎన్.ఎం.ఆర్.లను, వర్క్ చార్జ్‌డ్ సిబ్బందిని చూశాం కదా. ఈ శాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాడు కూడా చాలాకాలం అదే హోదాలో ఉంటాడు. పేరు మాత్రం గొప్పగా ఉంటుంది: ప్రాజెక్ట్ అసోసియేట్, పోస్ట్ డాక్టరల్ ఫెలో.

మెట్లు ఇలా ఉంటాయి. ఎమ్మెస్సీ తర్వాత సి.ఎస్.ఐ.ఆర్. యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, పైగా ఇంటి అద్దె. మొత్తం ఐదేళ్లు. తిండికి లోటు లేదు. డాక్టరేటు చేతికొచ్చేసరికి 29, 30 వస్తాయి. ఆ పైన పోస్ట్ డాక్టరల్ పని, తరచు విదేశాల్లో, రెండేళ్లొక చోట, రెండేళ్లొక చోట. తిరిగి రావడానికి ఇన్‌స్పైర్ ఫాకల్టీ, రామానుజన్ వంటి ఫెలోషిప్పులున్నాయి. జీతం బాగానే ఉంటుంది గానీ అవీ ఐదేళ్లవే. అసలు పోస్టు, అంటే సర్వీసు రిజిస్టరు తెరిచే పోస్టు, వచ్చేసరికి 35 దాటడం మామూలే. వస్తే మంచిదే. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసరుకు యు.జి.సి. ఏడో వేతన స్కేళ్లలో తొలి బేసిక్ 57,700. ఐసర్ వంటి కేంద్ర సంస్థల్లో ఇంకా ఎక్కువ. కానీ ఎన్ని పోస్టులు? బయాలజీ విభాగంలో ఒక ఖాళీ వస్తే కాన్సరు వాళ్లు, జీన్ల వాళ్లు, మెదడు వాళ్లు అందరూ పోటీకొస్తారు. పిట్టల వాడి వంతు ఏ కొన్నేళ్లకో వస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంగతి మీకు తెలుసు, గెస్టు లెక్చరర్లతో నడుస్తున్న విభాగాలెన్నో.

ఇంకో విషయం మనవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఫెలోషిప్పు కాలం సర్వీసు కాదు. ఇంక్రిమెంటు లేదు, ప్రావిడెంట్ ఫండ్ లేదు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు తర్వాత చేరినవారికి మనలాంటి పెన్షన్ ఎలాగూ లేదు. జీతంలోంచి కోసిన సొమ్ము పెరిగితేనే రేపటి పెన్షన్. అలాంటప్పుడు ఆ కోత 35వ ఏట మొదలైతే ఎంత నష్టమో మీరే లెక్క వేసుకోవచ్చు.

ఈ బాధ కొత్తది కాదు. 1957లో జె.బి.ఎస్. హాల్డేన్ అంతటి శాస్త్రవేత్త ఇంగ్లండు వదిలి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేని పరిశోధన మన దేశానికి తగినదని ఆయన నమ్మకం. ఆయన జట్టులో ఒకరు పారిజాతం పూల రేకులు లెక్కపెట్టారు. మన పిఠాపురం వారైన ద్రోణంరాజు కృష్ణ లాంటానా పొదల దగ్గర నిలబడి ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో లెక్కపెట్టారు. కాగితం, పెన్సిలు, ఓపిక, అంతే పెట్టుబడి. కానీ 1961లో హాల్డేన్ ఆ సంస్థ వదిలారు, తర్వాత భువనేశ్వర్ వెళ్లారు, 1964లో పోయారు. ఆయన పోయాక జట్టు చెదిరింది. ద్రోణంరాజు అమెరికాలో స్థిరపడ్డారు, ఇంకొకరు ఇటలీ వెళ్లారు. మనుషుల్ని నిలబెట్టే పోస్టులుంటే వారు ఇక్కడే ఉండేవారేమో అని నాకు అనిపిస్తుంది.

అమెరికా వెళితే చాలు అనుకునేవారికి ఒక మాట. అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసరు పోస్టుకు పరిశోధన ప్రణాళిక, మూడు సిఫారసు ఉత్తరాలు పంపాలి. పిలుపొస్తే ఒకటి రెండు రోజుల ఇంటర్వ్యూ, ఒక ప్రసంగం. చేరాక సుమారు ఆరేళ్ల పరీక్షాకాలం, అప్పుడు గానీ కాయం కాదు. 2025లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అప్పటికే మంజూరైన గ్రాంట్లను వందల సంఖ్యలో రద్దు చేసింది. ఆ గ్రాంట్ల మీద బతికే విద్యార్థుల్లో మనవాళ్లూ ఉంటారు.

ఇంత చెప్పాక పిల్లల్ని మానిపించమంటానని మీరనుకుంటారు. అనను. తిరుపతి దగ్గర ఏర్పేడులో ఐసర్ ఉంది, హైదరాబాదులో సి.సి.ఎం.బి. వారి లాకోన్స్, జువలాజికల్ సర్వే, బొటానికల్ సర్వే వారి కేంద్రాలు ఉన్నాయి. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగుళూరు ఎన్.సి.బి.ఎస్. ఎమ్మెస్సీ కోర్సులు పేరున్నవి. కొద్దిమందినే తీసుకుంటారు. మా రోజుల్లో ఇవేవీ అందుబాటులో లేవు.

అయితే "మావాడికి లెక్కలు రావు, అందుకని బయాలజీ" అనే తల్లిదండ్రులు ఈ దారి పట్టించవద్దు. నేటి ఎకాలజీలో సగం స్టాటిస్టిక్స్, కంప్యూటర్. పులుల్ని లెక్కించడం కూడా కెమెరా ఫొటోలతో, సంభావ్యత సూత్రాలతో. ఆ విద్య గట్టిగా పట్టుబడితే రేపు పోస్టు రాకపోయినా ఇంకోచోట అన్నం పెడుతుంది. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

గైడు దగ్గరికి వెళ్లేముందు పిల్లలు అడగవలసింది ఆయనకెన్ని బహుమతులొచ్చాయని కాదు. అంతకుముందు ఆయన దగ్గర చేసిన నలుగురైదుగురు ఇప్పుడు ఎక్కడున్నారు? ఎన్నేళ్లు పట్టింది? ఫెలోషిప్పు నెలనెలా వస్తోందా, మన డి.ఎ. లాగా బకాయిలుగా వస్తోందా? అడవికి వెళ్లే అనుమతి చేతిలో ఉందా, ఇంకా ఫైల్లోనే ఉందా? ఆడపిల్లయితే ఫీల్డులో ఉండే చోటు, తోడు సంగతి. వీటికి సూటిగా జవాబు చెప్పని చోట చేర్పించకండి.

ఇక మన వంతు. ఇరవై ఏడు నుంచి ముప్ఫై ఏడు దాకా ఈ పిల్లల్ని నిలబెడుతున్నది చాలా ఇళ్లల్లో తాతదో నాయనమ్మదో పెన్షన్. రెండు ప్రాజెక్టుల నడుమ ఆరు నెలలు ఖాళీ వస్తే ఇంటి నుంచి డబ్బు వెళ్లాలి. వెళ్లగలిగినవాడు నిలుస్తాడు, వెళ్లలేనివాడు ఎంత తెలివైనవాడైనా మానుకుంటాడు. అడవి అంచున పుట్టి, పక్షి కూత వినగానే పేరు చెప్పగల పిల్లలు ఆ ఉద్యోగాల్లో అంత తక్కువగా కనిపించడానికి నాకు తోచిన కారణం ఇది. అందుచేత సాయం చేస్తామంటే ఎన్నేళ్లు, ఎంత అని ముందే పిల్లవాడితో కూర్చుని కాగితం మీద రాసుకోండి. మాట ఇచ్చి మధ్యలో పెళ్లిసంబంధాల పేరుతో గొడవపెడితే ఇద్దరికీ నష్టం.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు, భోజనాలు కూడా సిద్ధమైనట్టున్నాయి. అడ్మిషను కాగితాలు, ఫెలోషిప్పు నిబంధనలు ఉన్నవారు భోజనాల తర్వాత నా దగ్గరికి తీసుకురండి. చిన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు తెచ్చుకున్నాను.