దీపము - దారి
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒకనాటి రాత్రి రతన్‌పూరులో మహామాయాదేవిని దర్శించి కారులో బిలాస్‌పూరునకు తిరిగి వచ్చుచుంటిని. అంతకు వారము ముందే హెడ్‌లైట్లకు 100 వాట్ల బల్బులు వేయించితిని. దారి పట్టపగలు వలె నుండెను. సంతోషించితిని. ఇంతలో ఎదురుగా వచ్చుచున్న సైకిలువాడు కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని, రోడ్డు దిగి పడిపోయెను. పరుగెత్తి లేవదీసితిని. దెబ్బ చిన్నదే, నా సిగ్గు పెద్దది.

మామూలు హెచ్4 బల్బునకు హై బీములో 60 వాట్లు, డిమ్ములో 55. అంతకు మించిన వైర్లును హోల్డర్లును వేడెక్కి కరగవచ్చును. హాలొజెన్ బల్బునకై చేసిన హెడ్‌లైటులో ఎల్.ఇ.డి. బిగించిన, వెలుగు పుట్టు చోటు మారి, కాంతి ఎదుటివారి కన్నులలోనికి చెదరును.

మరి చూపు మెరుగగు మార్గమేమి? మొదట, పసుపెక్కిన అద్దమును శుభ్రపరుపవలెను. బల్బునకు అందు వోల్టేజి నూటికి 5 పాళ్లు తగ్గినచో వెలుతురు సుమారు 16 పాళ్లు తగ్గును. కావున చిలుము పట్టిన కనెక్షన్లు బాగుచేయించి, రిలే పెట్టించవలెను. పాతబడిన బల్బులు రెంటిని ఒకేసారి, అవే వాట్లలో, గాజును వ్రేళ్లతో తాకకుండ మార్పించి, గోడపై వెలుగు గురి సరిచూడవలెను. నేనును పిదప అట్లే చేసితిని, చాలినంత కనబడుచున్నది.

మనది రైల్వే పట్టణము. ఎదురు బండి వచ్చునప్పుడు ఇంజను నడుపువాడు తన హెడ్‌లైటును తగ్గించును. ఆ మర్యాద మనకును వలయును. మన దీపము మనకు దారి చూపవలెను గాని, ఎదుటివానికి దారి మాపరాదు.