ఉడిగాయా, తీసేశారా?

(రామచంద్రపురంలో చేసిన స్మారకోపన్యాసం)



మనం ఇవాళ తలుచుకుంటున్న నర్సమ్మగారు కాలవగట్ల వెంట సైకిలు మీద ఇంటింటికీ తిరిగిన మనిషి. నడివయసు ఆడవాళ్లు కనిపిస్తే ఆవిడ అడిగే మాట ఒకటే: "ముట్లు ఉడిగాయా అమ్మా, తీసేశారా?" నా ప్రసంగమంతా ఆ ప్రశ్నకు వ్యాఖ్యానమే.

ముందు ఒక పాత అనుమానం. ఏళ్ల తరబడి గర్భనిరోధక మాత్రలు మింగితే నెలనెలా అండం ఆదా అవుతుంది కదా, మరి ముట్లు ఆలస్యంగా ఉడుగుతాయా? ఆడపిల్ల పుట్టేనాటికి పది ఇరవై లక్షల అండాలుంటాయి. పెద్దమనిషయ్యేసరికి మిగిలేవి మూడు నాలుగు లక్షలు. జన్మంతా కలిపి విడుదలయ్యేవి నాలుగైదు వందలే! తక్కినవి గాదెలో పురుగు పట్టే విత్తనపు వడ్లలా వాటంతటవే నశిస్తాయి. ఈసారి సార్వా వెయ్యలేదని గాదెలో పురుగు ఊరుకోదు. మాత్ర విత్తడాన్ని ఆపుతుంది గానీ పురుగును ఆపలేదు. అందుకే పరిశోధనల్లో తేడా కనిపించినచోట కూడా అది స్వల్పమే. ఆ మాటకొస్తే పొగ తాగడం ఎక్కువ పని చేస్తుంది. చుట్టైనా, ఉత్తరాంధ్ర మామ్మల అడ్డపొగైనా, పొగాకు ముట్లను ఏడాది, రెండేళ్లు ముందే ఉడిగించగలదు.

మాత్ర చేసేది మరొకటుంది: దాచిపెట్టడం. మాలా-డి అట్ట చూడండి. 21 తెల్ల మాత్రల్లో హార్మోను, 7 రంగు మాత్రల్లో ఇనుము. ఇనుము మాత్రల వారంలో వచ్చేది అసలు ముట్టు కాదు, హార్మోను ఆగినందుకు కనిపించే రక్తస్రావం. లోపల అండాశయం అలిసిపోయినా బయట నెల తప్పకుండా వస్తున్నట్టే ఉంటుంది.

ఇక చరిత్ర. 1952లో దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1960లో అమెరికా తొలి గర్భనిరోధక మాత్రగా ఎనోవిడ్‌కు అనుమతిచ్చింది. 1965లో మన దగ్గరికి గర్భసంచిలో పెట్టే లూపు వచ్చింది. కానీ మన ఆంధ్రప్రదేశ్‌లో నిలదొక్కుకున్నది మాత్ర కాదు, లూపు కాదు, పిల్లల ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు అది చేయించుకున్నవాళ్లే. చాలామందికి ఆపరేషన్ నాటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ట్యూబులు కట్టినంత మాత్రాన అండాశయం ఎండిపోదు. చిక్కు ఆ తర్వాత వచ్చింది.

"పిల్లలు పుట్టేశారుగా, ఇంకా సంచీ ఎందుకు?" తెల్లబట్టకు, నడుం నొప్పికి, క్యాన్సర్ భయానికి ఈ ఒక్క మాటే మందయింది. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం మర్నాటికే వచ్చి కూర్చుంటుంది: ఆవిర్లు, నిద్రలేమి, పోనుపోనూ ఎముకల గుల్లతనం. ఉంచినా, మామూలుకంటే ముందే ఉడిగే అవకాశం ఎక్కువ. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసులో, 2023 ఏప్రిల్‌లో కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చెయ్యాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

మాత్ర ముట్లుడగడాన్ని ఎన్ని నెలలు జరుపుతుందన్నది శాస్త్రానికి మంచి ప్రశ్నే. ఇక్కడ మాత్రం ఆ తేడా నెలల్లో లేదు, కత్తి పడిన వయసులో ఉంది. నర్సమ్మగారు తన పుస్తకంలో ఒకే గడి ఉన్నచోట గీత గీసి రెండు చేసుకునేవారట: ఉడిగినవి ఒక పక్క, తీసేసినవి ఒక పక్క. ఆ గీత మన ఆస్పత్రి చీటీల్లో కూడా ఉండాలి.