ఇల్లు కుటుంబముది, నేల పేటది
(గ్రంథాలయ మందిరమున మేము గావించిన ప్రసంగ పాఠము)



పట్టణమున బీదవానికి ఇంటిస్థల మిచ్చుట కష్టము. ఇచ్చినది వానియొద్ద నిలుపుట మరింత కష్టము. న్యాయవాదులమైన మేము దీనిని నిత్యము చూచుచున్నాము. ప్రభుత్వ మిచ్చిన భూముల నమ్మరాదని 1977 నాటి చట్టము శాసించెను. అయినను బిడ్డ పెండ్లియో, రోగమో వచ్చినపుడు పట్టాదారు తెల్లకాగితముపై వ్రాలు చేయును. కొన్నవాడు మేడ కట్టును; అమ్మినవాడు ఊరిచివర గుడిసె వేసికొని మరల పట్టాకై అర్జీ పెట్టును. ఆంధ్రప్రదేశమున ఇటీవలి సవరణలు కొన్నియేండ్ల పిదప ఇంటిస్థలముల నమ్ముకొననిచ్చినవి. అప్పుడది బజారుధరకే పోవును. నిషేధమునకును బజారునకును నడుమ త్రోవ లేదా?

ఒక త్రోవ అమెరికాలో కలదు; దాని వేరొకటి మన తెలంగాణమున నున్నది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి దళితులు వినోబాజీని 80 ఎకరము లడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరము లిచ్చిరి. భూదాన మట్లు పుట్టెను. పిదప గ్రామదానమున భూమి ఊరివారందరి ఉమ్మడి యాజమాన్యమున నుండుట ఆదర్శమయ్యెను. దానివలన స్ఫూర్తి నొందిన బాబ్ స్వాన్, నల్లవారి హక్కులకై పోరాడిన చార్లెస్ షెరాడ్ మొదలగువారు 1969లో జార్జియా రాష్ట్రమున న్యూ కమ్యూనిటీస్ అను సంస్థను నెలకొల్పి సుమారు 5,700 ఎకరములు సంపాదించిరి. కరవులచేతను ఋణములచేతను 1985లో ఆ భూమి పోయెను. పద్ధతి మాత్రము పోలేదు; అప్పటికే నగరములకు చేరెను.

వెర్మాంటు రాష్ట్రపు బర్లింగ్‌టన్ నగరమున 1984లో పురపాలకులు 2,00,000 డాలర్లిచ్చి ట్రస్టును నిలిపిరి. నేల ట్రస్టుది, ఇల్లు కొన్నవానిది. నేలకు దీర్ఘకాలపు కౌలుపత్రము. అది వారసులకును చెల్లును. ఇల్లు అమ్మునపుడు పెరిగిన విలువలో నాల్గవవంతు అమ్మినవానిది. తక్కినది తరువాత కొనువానికి వెల తగ్గించును. పది లక్షల విలువ పదునెనిమిది లక్షలైన దనుకొనుడు: తాను చెల్లించిన సొమ్ముతోపాటు రెండు లక్షలు ముట్టును.

బోస్టనులో మరింత సాహసము. డడ్లీ వీధి ప్రాంతమున ఇండ్లు తగులబడి, ఖాళీస్థలములు చెత్తకుప్పలైయుండ, 1984లో పేటవారు సంఘముగా నేర్పడిరి. 1988లో నగరాధికారులు అచ్చటి ఖాళీస్థలములను సేకరించు అధికారమును ఆ సంఘమునకే యిచ్చిరి. భూసేకరణ యనగా బీదల ఇండ్లు కూల్చుటయే యని వాదించి వాదించి అలసిన మాకు, ఆ మాట రెండుసార్లు చదివినగాని నమ్మకము కలుగలేదు!

ధనికుడు లాభమంతయు అనుభవించుచుండ, ముప్పాతిక వదలుకొను ధర్మము బీదవానికేనా యని మిత్రుడొకడు మమ్ము నిలదీసెను. న్యాయమైన ప్రశ్నయే. కాని ఇల్లు చవుకగా వచ్చినది ప్రజల సొమ్ముతో. అది ఒక్క కుటుంబముతో తీరిపోరాదు. అయినను ఈ నిబంధనను కొనునాడే తేటతెలుగున చదివి వినిపింపవలెను. మోసము జరుగునది అచ్చటనే.

ప్రభుత్వ మికమీద పంచు స్థలములలో ఒక్క పేటకైనను నేలను పేట ట్రస్టు పేరను, ఇంటిని ఇల్లాలి పేరను వ్రాయింపుడని అర్జీ సిద్ధము చేసితిమి. ప్రతి ఈ బల్లపై నున్నది. చదువుడు, తప్పులున్న దిద్దుడు, సమ్మతించువారు వ్రాళ్లు చేయుడు.